గిబ్ రివర్ రోడ్డు మీద క్యాంపర్ ట్రెయిలర్: సమస్య - పరిష్కారం

పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో డెర్బీ నుంచి కునునర్రా వైపు సాగే గిబ్ రివర్ రోడ్డు పొడవు సుమారు 660 కిలోమీటర్లు. చాలా భాగం కంకర, మట్టి. వానాకాలంలో మూసేస్తారు కాబట్టి ప్రయాణాలన్నీ దాదాపు మే నుంచి అక్టోబరు మధ్యనే. రోడ్డుకు అడ్డంగా రేకుల షెడ్డు కప్పులాగా ముడతలు పడి ఉంటాయి. వీటినే కారుగేషన్లు అంటారు. ముందు బండి కంటే వెనక లాగే క్యాంపర్ ట్రెయిలర్‌ను (పడక, వంట సామాను అమర్చిన గుడారపు ట్రెయిలర్) ఇవి ఎక్కువ దెబ్బతీస్తాయి, ఎందుకంటే ట్రెయిలర్‌లో ఏం అదురుతోందో డ్రైవరుకు తెలియదు. గంటకోసారి ఆగి, చేత్తో తాకి చూడటం ఒక్కటే మార్గం. కింద చెప్పిన వాటిలో చాలా వరకు దారిలో బయటపడేవే కానీ, పుట్టేది మాత్రం ఇంటి ముందు సామాను సర్దేటప్పుడే.

ఒక హబ్ మిగతా వాటికంటే వేడిగా ఉంది

ఆగగానే రెండు చక్రాల మధ్యభాగాన్నీ పోల్చి చూడండి. అరచేయి ఆనించకండి, ముందు చేతి వెనకవైపు దగ్గరగా పెట్టి చూడండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే కారణం రెండింట్లో ఒకటి. మధ్యలో డస్ట్ క్యాప్ (హబ్‌ను మూసే రేకు మూత) దగ్గర ఎక్కువ వేడిగా ఉండి, రిమ్ లోపలి వైపు గ్రీజు చారలు కనిపిస్తే అది బేరింగ్. డ్రమ్ము అంచు ఎక్కువ కాలుతూ మాడు వాసన వస్తుంటే బ్రేకు పూర్తిగా వదలడం లేదన్నమాట.

బేరింగ్ పాడవడానికి మూడు కారణాలు తరచుగా కనిపిస్తాయి: నట్టు మరీ బిగించడం, సీలు (గ్రీజును లోపలే ఆపే రబ్బరు చుట్టు) చిరగడం, వేడెక్కిన హబ్‌తో నీళ్లలో దిగడం. మూడోది వాగులు దాటే దారుల్లో మరీ ఎక్కువ. వేడి హబ్ చన్నీళ్లలో ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, సీలు పక్కనుంచి నీటిని లోపలికి లాగేస్తుంది. గ్రీజు పాలు కలిపినట్టు తెల్లగా మారితే నీళ్లు చేరినట్టే. ఈ రోడ్డుకు అడ్డొచ్చే పెంటికోస్ట్ నదిలాంటి చోట దిగే ముందు 15-20 నిమిషాలు ఆగితే ఈ గొడవ చాలా వరకు తప్పుతుంది.

సరిచేయడం ఇలా: రెండో చక్రానికి ముందూ వెనకా అడ్డు పెట్టి, జాకీతో ఎత్తండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్ ఎంత వదులుగా ఉందో తెలుస్తుంది, తిప్పితే గరగర వినిపిస్తుంది. డస్ట్ క్యాప్, స్ప్లిట్ పిన్ (నట్టు తిరిగి ఊడకుండా ఆపే చీలిక పిన్ను), నట్టు, వాషర్ తీశాక బయటి బేరింగ్ చేతిలోకి వస్తుంది. తర్వాత డ్రమ్ము లాగి, సీలు పీకి, లోపలి బేరింగ్ తీయండి. కిరోసిన్‌తో కడిగి వెలుతురులో చూడండి. రోలర్లు నీలంగా మారినా, గుంటలు పడినా దాన్ని మళ్లీ వాడకూడదు. బేరింగ్‌తో పాటు హబ్‌లో కూర్చున్న కప్పును (రోలర్లు తిరిగే బయటి ఉక్కు రింగు) కూడా మార్చాలి. పాత కప్పులో కొత్త బేరింగ్ ఎక్కువ దూరం రాదు. రోలర్ల మధ్య నుంచి అవతలికి వచ్చేదాకా గ్రీజు వేళ్లతో కూరండి. కొత్త సీలు వేసి, చక్రం తిప్పుతూ నట్టు గట్టిగా బిగించి, వెంటనే వదులు చేసి, మళ్లీ వేళ్లతో మాత్రమే బిగించండి. పిన్ను దూరే గాడి సరిపోకపోతే కొంచెం వదులు వైపే తిప్పాలి, బిగింపు వైపు కాదు. పాత స్ప్లిట్ పిన్ వాడకండి. 20 కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ తాకి చూడండి.

ఆస్ట్రేలియా ట్రెయిలర్లలో హోల్డెన్ రకం, ఫోర్డ్ రకం అని రెండు బేరింగ్ సైజులు బాగా వాడకంలో ఉన్నాయి. మీది ఏదో బయల్దేరే ముందే తెలుసుకుని, రెండు చక్రాలకూ సరిపడా సెట్లు, నాలుగు సీళ్లు, గుప్పెడు స్ప్లిట్ పిన్నులు పెట్టుకోండి. గ్రీజు పూసి బేరింగులు అమర్చిన హబ్ ఒకటి సిద్ధంగా ఉంటే దారి పక్కన పని అరగంటలో అయిపోతుంది.

ట్రెయిలర్ ఎగిరెగిరి పడుతోంది, లోపల అన్నీ విరుగుతున్నాయి

చాలామంది నాలుగు చక్రాల్లో గాలి తగ్గించి, ట్రెయిలర్ టైర్లను మాత్రం 40 పీఎస్ఐ దగ్గరే వదిలేస్తారు. 1,400 కిలోల ట్రెయిలర్‌లో పదో వంతు టో బాల్ (ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండు) మీద పోగా, ఒక్కో టైరు మీద పడేది సుమారు 630 కిలోలు. నిండుగా సర్దిన బండి వెనక టైరు మీద ఇంతకంటే బాగా ఎక్కువే పడుతుంది. అంత తక్కువ బరువుకు అంత గాలి ఉంటే టైరు బంతిలా ఎగురుతుంది. కారుగేషన్ల మీద బండికి 26-28, ఈ బరువు ట్రెయిలర్‌కు 22-24 పీఎస్ఐతో మొదలుపెట్టండి. వేగం 70 దాటొద్దు.

తర్వాత కొలిచి సరిచేసుకోవాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎంతుందో రాసుకుని, గంట నడిపాక మళ్లీ చూడండి. లైట్ ట్రక్ టైరులో 6 పీఎస్ఐ వరకు పెరిగితే సరే. అంతకు మించి పెరిగిందంటే పక్కగోడలు ఎక్కువగా వంగి వేడెక్కుతున్నాయి. వేగం తగ్గించండి, లేదా మర్నాడు 2 పీఎస్ఐ ఎక్కువతో బయల్దేరండి. వేడి టైరులోంచి గాలి తీయొద్దు. తీస్తే ఇంకా వంగి, ఇంకా వేడెక్కుతుంది.

రెండు స్టెప్నీలు తప్పనిసరి. ట్రెయిలర్‌కూ బండికీ ఒకే రిమ్, ఒకే బోల్టు వరస ఉంటే రెండూ ఎటైనా పనికొస్తాయి. ట్రెయిలర్ కొనేటప్పుడే చూసుకోవాల్సిన విషయమిది.

ఆవకాయ, నూనె గాజు సీసాల్లో తీసుకెళ్లొద్దు. పగలకపోయినా రోజంతా రాసుకుని మూత వదులై, నూనె పరుపుల దాకా పాకుతుంది. స్టీలు డబ్బా, దాని చుట్టూ తువ్వాలు చాలు.

తారురోడ్డు మీద తోక ఊగుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: వెనకవైపు బరువు ఎక్కువ, టో బాల్ మీద తక్కువ. మొత్తం బరువులో పదో వంతు బాల్ మీద పడాలి. 1,400 కిలోలకు 140. వేబ్రిడ్జిలో తేల్చుకోవచ్చు: ట్రెయిలర్‌ను విడదీసి ఒకసారి, బండికి తగిలించి చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఇంకోసారి తూయండి. తేడానే బాల్ బరువు.

మొదటి రోజు బాగా నడిచి మూడో రోజు ఊగితే నీళ్ల ట్యాంకు చూడండి. ఇరుసుకు ముందున్న 60 లీటర్ల ట్యాంకు ఖాళీ అయితే ముందువైపు 60 కిలోలు పోయినట్టే, వెనక కట్టిన జెర్రీ క్యాన్లు మాత్రం అలాగే ఉంటాయి. బియ్యం బస్తా, పనిముట్ల పెట్టె ఇరుసు మీదకో కొంచెం ముందుకో జరపండి.

ఊగుతున్నప్పుడు బండి బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగు ఎదురు తిప్పొద్దు. యాక్సిలరేటర్ వదిలి, బ్రేక్ కంట్రోలర్ మీట చేత్తో నొక్కి ట్రెయిలర్ బ్రేకు మాత్రమే వేయండి.

రాత్రి ఫ్రిజ్ ఆగిపోతోంది

బ్యాటరీని తిట్టేముందు మల్టీమీటర్ తీయండి. కంప్రెసర్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర, తర్వాత ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర చూడండి. అక్కడ 12.5, ఇక్కడ 11.6 ఉంటే లోపం మధ్యలో: సన్నటి తీగ, లేదా అదురుకు వదులైన సిగరెట్ లైటర్ సాకెట్. 8 చదరపు మిల్లీమీటర్ల తీగ, యాండర్సన్ ప్లగ్గు (అదురుకు వదులవని గట్టి ప్లగ్గు) వేస్తే కుదుటపడుతుంది.

రెండుచోట్లా తక్కువ ఉంటే పగలు చార్జింగ్ కావడం లేదు. కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ తన బ్యాటరీ నిండగానే వోల్టేజి దించేస్తుంది, ట్రెయిలర్ దాకా సరిపడా రాదు. ట్రెయిలర్ బ్యాటరీ పక్కనే డీసీ-డీసీ చార్జర్ (తగ్గిన వోల్టేజిని పెంచి బ్యాటరీ నింపేది) ఉండాలి. ఉన్నా పనిచేయకపోతే ఇంజిను నడుస్తోందని దానికి చెప్పే సన్నటి ఇగ్నిషన్ తీగ ఊడిందేమో చూడండి.

పరుపు మీద ఎర్రదుమ్ము

కదిలే బండి వెనక గాలి పీడనం తగ్గి, సందుల్లోంచి దుమ్మును లోపలికి లాగుతుంది. సీలు చూడటానికి కాగితం ముక్క తలుపు మధ్య పెట్టి మూసి లాగండి. పట్టు లేకుండా జారి వస్తే ఆ చోట సీలు మార్చాలి. వెనక గాలి రంధ్రాలు మూసేసి, ముందువైపు ఎత్తులో ఒకటి మాత్రం స్పాంజి ఫిల్టరుతో తెరిచి ఉంచండి. లోపలి పీడనం పెరిగి దుమ్ము రాదు.

వెనక అద్దం పగిలింది

రాయి వెనకొచ్చే బండి నుంచి కాదు. మీ టైరు విసిరిన రాయే ట్రెయిలర్ ముందు రేకుకు కొట్టుకుని తిరిగొచ్చింది. ట్రెయిలర్ ముందు ఏటవాలుగా వల గార్డు కట్టండి. అది లేకపోతే అద్దం బయట అట్ట అంటించినా పనిచేస్తుంది.

ఇరుక్కుపోయారు, ఎవరో తాడు తెచ్చారు

ఆ తాడు టో బాల్‌కు తగిలించనివ్వొద్దు. బాల్ తెగి తూటాలా ఎగిరి మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. లాగడానికి ఛాసిస్‌కు బిగించిన రికవరీ పాయింట్లే వాడాలి. అంతకంటే ముందు ట్రెయిలర్ విప్పి, 16-18 పీఎస్ఐకి గాలి దించి, టైర్ల ముందు మట్టి తవ్వండి. చాలాసార్లు తాడు అవసరమే పడదు. పెంటికోస్ట్‌లో ఇరుక్కుంటే తవ్వడానికి నీళ్లలోకి దిగొద్దు, అక్కడ ఉప్పునీటి మొసళ్లుంటాయి. దాటేముందు లోతు చూడటానికీ నడవొద్దు, ఇంకో బండి దాటేదాకా ఒడ్డున ఆగి దాని చక్రాలు ఎంత మునిగాయో చూడండి.

కదలలేని స్థితిలో బండి దగ్గరే ఉండండి. బండి నుంచి బండికి మాట్లాడే యూహెచ్ఎఫ్ రేడియోలో 40వ ఛానెల్ రోడ్డు మీద వాళ్లది, 5వది అత్యవసరానికి. మనిషికి రోజుకు కనీసం 5 లీటర్ల తాగునీరు లెక్కన, అనుకున్నదానికంటే మూడు రోజులకు ఎక్కువ తీసుకెళ్లండి. అదంతా ఒకే ట్యాంకులో పోయకుండా సగం విడి క్యాన్లలో పెట్టండి. ట్యాంకుకు రాయి తగిలితే అడుగున చిల్లు పడింది రాత్రి కుళాయి తిప్పేదాకా తెలియదు.