డీఎస్సీ దరఖాస్తు: ఫారంలో ‘లోకల్’ గడి దగ్గర ఆగి చూడండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో టీచర్ల భర్తీకి జరిగే డీఎస్సీలో 2025లో (మెగా డీఎస్సీ) 16,347 పోస్టులు వచ్చాయి. అప్పుడు దరఖాస్తు గడువు ఏప్రిల్ 20 నుంచి మే 15 వరకు, ఫీజు పోస్టుకు 750 రూపాయలు ఉండేవి. ఫారం నింపిపెట్టినందుకు నెట్ సెంటర్ వాళ్లు ఎంతో కొంత తీసుకుంటారు, అందులో పేచీ లేదు. పేచీ అంతా ‘లోకల్ (మీరు ఏ జిల్లా అభ్యర్థి అన్నది) సంగతి మాకొదిలెయ్యండి, స్టడీ సర్టిఫికెట్లు మేమే తెప్పిస్తాం’ అని వేలల్లో అడిగేవాళ్లతోనే. ఆ కాగితాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవచ్చు. వచ్చే నోటిఫికేషన్ కోసం చూస్తున్న విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం ఈ వివరాలు.

ఆన్‌లైన్ ఫారం నింపడం కష్టమేమీ కాదు. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) హాల్‌టికెట్ నంబరు, ఫోటో, సంతకం, ఓటీపీ వచ్చే ఫోను దగ్గర పెట్టుకుంటే చాలు. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అలాగే కొట్టండి, ఆధార్ చూసి కాదు. టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి ఆ అంకెలు రెండుసార్లు సరిచూసుకోండి. సబ్మిట్ నొక్కాక దిద్దుకోవచ్చులే అనుకోవద్దు.

రిజర్వేషన్ కాగితాలు చాలామంది ముందే సిద్ధం చేసుకుంటారు. ఎస్సీ కోటా 15 శాతాన్ని 2025లో మూడు గ్రూపులుగా (1, 6.5, 7.5 శాతం) విడదీశారు కాబట్టి కుల ధ్రువపత్రం మీద మీ కులం పేరు స్పష్టంగా ఉండాలి, ఉత్త ‘ఎస్సీ’ అని ఉంటే చాలదు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) పత్రానికి ఆర్థిక సంవత్సరం గడువు ఉంటుంది, పోయినేడాది తీసినది పనికిరాదు. దివ్యాంగులకు సదరం (వైకల్య ధ్రువపత్రం) కావాలి. మహిళల కోటాకు వేరే కాగితమేమీ అక్కర్లేదు, దానికోసం ఎవరైనా డబ్బడిగితే లేచి వచ్చేయండి.

ఇక లోకల్. 2025లో ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్లు), స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు సబ్జెక్టు టీచర్లు) పోస్టుల్లో 80 శాతం ఆ జిల్లా లోకల్ అభ్యర్థులకే. లోకల్ అంటే ఇప్పుడు ఇల్లున్న చోటు కాదు, ఓటున్న చోటూ కాదు. ఉద్యోగాల్లో స్థానికతను నిర్ణయించే రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మొదట చూసేది పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే 7 నుంచి 10 వరకు. ఆ నాలుగూ ఒకే జిల్లాలో చదివితే ఆ జిల్లాకే లోకల్. అలా కుదరకపోతే 4 నుంచి 10 వరకు ఏడేళ్లు తీసుకుని, ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాలో చదివారో దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. రెండు జిల్లాల్లో సమానంగా వస్తే చివర చదివిన జిల్లా.

మన దగ్గర చిక్కంతా ఇక్కడే, ఎందుకంటే రెండు జిల్లాల మధ్యలో కృష్ణా నది ఉంది. గుంటూరు వైపున్న తాడేపల్లిలో ఏడో తరగతి దాకా చదివి, ఎనిమిదిలో విజయవాడ హాస్టల్‌కి మారిన పిల్లలు లెక్కలేనంత మంది. ‘పదో తరగతి విజయవాడే కదా’ అని వాళ్లు కృష్ణా జిల్లా పెట్టేస్తారు. 4, 5, 6, 7 గుంటూరు జిల్లాలో అయ్యాయి, 8, 9, 10 అవతల. నాలుగుకి మూడు, అంటే గుంటూరు లోకల్. అదే పిల్ల ఏడులోనే మారి ఉంటే కృష్ణా లోకల్ అయ్యేది. ఒక్క ఏడాదితో జిల్లానే మారిపోతుంది!

పెళ్లయిన ఆడవాళ్లకూ ఇదే లెక్క. తెనాలిలో చదువుకుని అత్తగారింటికి విజయవాడ వచ్చినవాళ్లు ఆధార్‌లో అడ్రసు మార్చుకున్నా గుంటూరు లోకలే. ఇంకోటి, 2022లో జిల్లాలు 26 అయినా 2025 డీఎస్సీ ఉమ్మడి (విడదీయకముందున్న పాత) జిల్లాల లెక్కనే జరిగింది. ఎన్టీఆర్ జిల్లా వాళ్లు కృష్ణా కిందికి, పల్నాడు వాళ్లు గుంటూరు కిందికి వస్తారు. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నా ఆ లెక్కలో ప్రకాశమే. కొత్త నోటిఫికేషన్‌లో ఏం రాశారో ముందు అది చదవండి.

నాన్ లోకల్ అని తేలితే దారి మూసుకుపోయినట్టు కాదు. మిగతా 20 శాతం మెరిట్ మీద అందరిదీ. కానీ వేరే జిల్లాలో పోస్టు తీసుకునేముందు ఇంట్లో కూర్చుని ఆలోచించండి. అంతర్ జిల్లా బదిలీలు ప్రభుత్వం ఉత్తర్వులిచ్చినప్పుడే. చిన్న పిల్లల్ని ఇక్కడ వదిలి అక్కడ చేరిన టీచరు మనసు మొదటి రోజు నుంచీ బదిలీ మీదే ఉంటుంది, ఆ బడికీ అది మంచిది కాదు.

స్టడీ సర్టిఫికెట్లు మీరు చదివిన ప్రతి బడి నుంచీ కావాలి. హైస్కూలు వాళ్లు 6 నుంచే ఇస్తారు. 4, 5 తరగతులకు పాత ప్రాథమిక పాఠశాలకు వెళ్లాల్సిందే. అక్కడి రికార్డు షీటు ఇంట్లో ఉంటే అడ్మిషన్ నంబరు దొరుకుతుంది, హెడ్‌మాస్టర్‌కి రిజిస్టర్ వెతికే పని తగ్గుతుంది. ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటే ఆ మండలం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో రికార్డులు అడగండి. బడికి వెళ్లకుండా పదో తరగతి ప్రైవేటుగా రాసినవాళ్లు ఆ ఏళ్లకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

బ్రోకర్లు తెచ్చిచ్చే సర్టిఫికెట్ మీద ముద్ర, సంతకం అచ్చం నిజమైనవిలాగే ఉండొచ్చు. వెరిఫికేషన్‌లో అనుమానం వచ్చి బడి అడ్మిషన్ రిజిస్టర్ తీస్తే అందులో మీ పేరు ఉండదు. కేసు మీ మీద పడుతుంది. ఒరిజినల్స్ కూడా ఎవరి దగ్గరా ‘రెండ్రోజులు’ ఉంచొద్దు.

2025లో దరఖాస్తు గడువు చాలావరకు వేసవి సెలవుల్లోనే పడింది. బడికి తాళం, హెడ్‌మాస్టర్ ఊళ్లో లేరు, బ్రోకర్లకు అదే అదను. కాబట్టి నోటిఫికేషన్ దాకా ఆగకుండా బడులు నడిచే రోజుల్లోనే వెళ్లండి. మార్చిలో మాత్రం వద్దు, పదో తరగతి పరీక్షల హడావుడిలో ఏ హెడ్‌మాస్టరూ పాత రిజిస్టర్లు తీయలేరు.