బండి వేడెక్కుతోందా? 3వ పాఠం: ఎక్కడ, ఎప్పుడు?

ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఇంజన్‌లోంచి రేడియేటర్‌కు వెళ్లి మళ్లీ ఎలా తిరిగొస్తుందో కిందటి పాఠంలో చూశాం. ఈసారి పానా ముట్టుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకుందాం: టెంపరేచర్ ముల్లు ఎప్పుడు లేస్తోంది? మెకానిక్ దగ్గరికెళ్లి ‘హీటెక్కుతోంది’ అని ఊరుకుంటే ఆయన తోచిందల్లా మారుస్తాడు. ముల్లు లేని బండి అయితే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే చిన్న పరికరం) పెడితే ఫోన్‌లోనే డిగ్రీలు కనిపిస్తాయి.

ట్రాఫిక్‌లో లేచి, ఖాళీ రోడ్డు దొరకగానే దిగిపోతోందంటే అనుమానం ఫ్యాన్ మీదే. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి చేసే పనిని సిగ్నల్ దగ్గర ఫ్యాన్ చేయాలి. బండి నిలబెట్టి, ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. చేతులు మాత్రం దూరంగా పెట్టండి, కొన్ని బండ్లలో తాళం తీశాక కూడా అది తిరుగుతుంది. తిరగలేదా? ముందు ఫ్యూజు చూడండి. తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు. అదే పెట్టెలో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే మార్చి పెట్టండి. అప్పటికీ కదలకపోతే మోటారు, దాని వైరింగ్ చూడాలి. ఏసీ వేస్తే తిరిగి, ఇంజన్ వేడికి తిరగకపోతే టెంపరేచర్ సెన్సర్ వైపు వెళ్లండి.

ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద వందలోనో, శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటేనో లేస్తోందంటే కథ వేరు. గాలి చాలినంత ఉంది, కూలెంటే సరిగా తిరగడం లేదు, లేదా రేడియేటర్ వేడిని వదలడం లేదు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్ లోపల తెల్లటి పొర కట్టి గొట్టాలు పూడుకుపోతాయి. బయట ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో పురుగులు, దుమ్ము పేరుకుంటాయి. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, టార్చి వేసి చూస్తే తప్ప తెలియదు.

థర్మోస్టాట్ అంటే కూలెంట్ వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు. దాన్ని పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పరీక్షించాలి. స్టార్ట్ చేసి రేడియేటర్‌కు పైవైపున్న రబ్బరు గొట్టం (పై హోస్) మీద చెయ్యి వేయండి. చాలా బండ్లలో కాసేపు చల్లగానే ఉండి, కూలెంట్ 82–90 డిగ్రీలకు చేరి వాల్వు తెరుచుకోగానే ఒక్కసారిగా కాలుతుంది. ముల్లు పైకి పోతున్నా హోస్ చల్లగానే ఉంటే వాల్వు మూసుకుపోయి ఉండొచ్చు. ‘మన ఎండలకు అదెందుకు’ అని దాన్ని పీకేసే షెడ్లు చాలానే ఉన్నాయి. నాకది నచ్చదు. ఇంజన్ త్వరగా వేడికి రాక కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది, మైలేజీ పడిపోతుంది.

ఎక్కడ నడిపినా వేడెక్కుతుంటే కూలెంట్ తగ్గుతోందేమో చూడండి. ఎర్రగీత దాకా పోయిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే సంబరపడకండి. సెన్సర్ దగ్గర కూలెంటే లేక అది గాలిని కొలుస్తూ ఉండొచ్చు. వెంటనే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి. మూత జోలికి పోవద్దు. లోపల ఒత్తిడి ఉండబట్టే 110 డిగ్రీల్లో కూడా నీరు మరగకుండా ఉంటుంది, మూత తిప్పగానే ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. పై హోస్‌ను చేత్తో గట్టిగా పట్టుకోగలిగేంత చల్లబడేదాకా ఆగండి.

వచ్చే పాఠానికి ఒక పని: కూలెంట్ డబ్బా మీద ఇప్పుడున్న మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి, రోజూ పొద్దున ఇంజన్ చల్లగా ఉండగా చూడండి. తగ్గుతుంటే బండి కింద అట్టముక్క పరచండి. అట్ట తడిస్తే లీకు ఎక్కడో, తడవకుండానే తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య సీలు) సంగతేమిటో అప్పుడు చూద్దాం.