స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాన్ని చూపు లేని పాఠకులకు అందించడం ఎలా

పాత పుస్తకాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టగానే అది అందరికీ అందుబాటులోకి వచ్చినట్టేనని చాలామంది గ్రంథాలయ నిర్వాహకులు భావిస్తారు. నిజానికి ఆ పీడీఎఫ్‌లో ఉండేవి పేజీల బొమ్మలు మాత్రమే. కంప్యూటరులోని ఎన్‌వీడీఏ, ఫోనులోని టాక్‌బ్యాక్ వంటి స్క్రీన్ రీడర్లకు, అంటే తెరమీది పాఠాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లకు, చదవడానికి అక్షరాలు కావాలి కాబట్టి, మూడు వందల పేజీల గ్రంథమైనా చూపు లేని పాఠకుడి దగ్గర మౌనంగానే ఉండిపోతుంది.

ముందుగా మీ ఫైలులోని ఒక మాటను ఎంచుకొని, కాపీ చేసి, వేరే చోట అతికించి చూడండి. మాటను ఎంచుకోవడమే కుదరకపోతే అది బొమ్మ. అతికించిన చోట రోమన్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే, అది అను ఫాంట్ల వంటి యూనికోడేతర ఫాంట్లతో (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్ అక్షర సంకేతాలు లేనివాటితో) డీటీపీ చేసిన పుస్తకం. కంటికి ముచ్చటైన తెలుగే అయినా చెవికి అర్థం లేని గోల. అటువంటి పుస్తకానికి అచ్చు కోసం తయారుచేసిన అసలు ఫైలు ప్రచురణకర్త దగ్గర దొరుకుతుందేమో అడగండి. దానిని కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

బొమ్మలే ఉన్నప్పుడు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను యంత్రం గుర్తించి పాఠంగా మార్చే పద్ధతి) తప్పదు. టెసెరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగును గుర్తిస్తుంది. అయితే దాని ఫలితం మీరిచ్చే బొమ్మను బట్టి ఉంటుంది. కనీసం 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలతో), అక్షరం చిన్నదైతే 400తో, పేజీ వంకర పోకుండా స్కాన్ చేయాలి. ఫైలు చిన్నదవుతుందని పూర్తి నలుపు తెలుపుల్లోకి మార్చితే ద, ధ, థల మధ్య తేడా చూపే సన్నని గీతలూ చుక్కలూ మాసిపోతాయి, వత్తులు ముద్దకడతాయి. బూడిద ఛాయలుండే గ్రే స్కేలులో ఉంచడమే మేలు. వార్తాపత్రికల వంటి వాటిలో కాలమ్ హద్దులను ముందే గుర్తించకపోతే యంత్రం ఒక కాలమ్ వరుసను పక్క కాలమ్ వరుసతో కలిపేయగలదు.

ఓసీఆర్ పాఠాన్ని దిద్దకుండా పెట్టవద్దు. చూపున్న పాఠకుడు తప్పు మాటను సందర్భాన్ని బట్టి సరిచేసుకొని, అనుమానం వస్తే పక్కనున్న బొమ్మను చూసుకుంటాడు. వినే పాఠకుడికి ఆ రెండో అవకాశం లేదు. ఆన్‌లైన్‌లో ఎవరైనా పాల్గొని పుస్తకాలను దిద్దే తెలుగు వికీసోర్స్‌లో ఒకరు దిద్దిన పేజీని మరొకరు సరిచూసి ఆమోదించే పద్ధతి ఉంది. గ్రంథాలయాలు దానినే అనుసరించవచ్చు, లేదా కాపీరైటు తీరిన పుస్తకాలను నేరుగా అక్కడే దిద్దించవచ్చు. దిద్దని వంద పుస్తకాల కంటే దిద్దిన పది పుస్తకాలు ఎక్కువని నా అభిప్రాయం.

దిద్దేటప్పుడు అక్షరదోషాలతో పాటు చూడవలసినవి వేరే ఉన్నాయి. ప్రతి పేజీ తలపై అచ్చయ్యే పుస్తకం పేరును తొలగించకపోతే అది వాక్యం మధ్యలో వినబడుతుంది. వరుస చివర విరిగిన మాటలను కలపాలి. పేజీ అడుగున ఉన్న గమనికలను అధ్యాయం చివరికి చేర్చి, లింకుతో ముడిపెట్టాలి.

పద్యాల దగ్గర పని ఇంకా సున్నితం. మన వృత్తాలలో ఒక పాదంలో మొదలైన మాట తరువాతి పాదంలో ముగియడం మామూలే. పాదం చివర వరుస తెగగానే యంత్రపు గొంతు ఆగితే ఆ మాట రెండు ముక్కలై అర్థం చెడుతుంది. అందువల్ల పాదవిభజనతో ఒక పాఠమూ, వినడం కోసం మాట తెగకుండా నడిచే మరొక పాఠమూ (వినికిడి పాఠం) ఇవ్వడం మంచిది. పద్యానికి ముందుండే ‘ఉ.’, ‘శా.’, ‘తే.గీ.’ వంటి పొడి అక్షరాలు వినేవారికి ఏమీ చెప్పవు. వినికిడి పాఠంలో వాటిని ఉత్పలమాల, శార్దూలం, తేటగీతి అని పూర్తిగా రాయండి. అరసున్న, బండి ఱ ఉన్న పాత వర్ణక్రమాన్ని మూలపాఠంలో మార్చకూడదు. అరసున్న దగ్గర యంత్రపు గొంతు తడబడితే వినికిడి పాఠంలో మాత్రం తీసివేసి, ఆ సంగతి ముందుమాటలో చెప్పాలి.

తాళపత్రాలకూ చేతిరాత ఉత్తరాలకూ మనిషే కూర్చుని చదివి టైపు చేయాలి. శిథిలమైన చోట ఊహించి నింపకుండా ‘ఇక్కడ రెండక్షరాలు శిథిలం’ అని రాయాలి.

దిద్దిన పాఠాన్ని వర్డ్‌లోకి తెచ్చి, అధ్యాయాల పేర్లకు అక్షరాలను లావు చేసి ఊరుకోకుండా హెడింగ్ శైలి ఇవ్వండి, ఎందుకంటే స్క్రీన్ రీడర్ వాడేవారు హెడింగుల మీదుగానే అధ్యాయం నుంచి అధ్యాయానికి దూకుతారు. పత్రం భాష తెలుగు అని గుర్తించకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు పంక్తులను వదిలేయవచ్చు. బొమ్మలకు ‘చిత్రం 4’ అని కాక, అందులో ఏముందో రెండు వాక్యాల్లో వివరణ చేర్చాలి. తరువాత ఈ-పుస్తకాల ఫార్మాట్ అయిన ఈపబ్‌గా మార్చితే మసక చూపున్నవారు అక్షరాలను కావలసినంత పెంచుకోగలరు. బ్రెయిలీ తయారీకీ ఇదే పాఠం పనికివస్తుంది.

కాపీరైటు ఉందన్న భయంతో ఆగనక్కరలేదు. రచయిత మరణానంతరం 60 ఏళ్లు గడిస్తే మామూలుగా హక్కు తీరిపోతుంది. తీరని పుస్తకాలకు కూడా, 2012 సవరణతో కాపీరైటు చట్టంలో చేరిన 52(1)(జడ్‌బీ) నిబంధన వికలాంగులకు అనువైన ప్రతులు చేయడానికి అనుమతిస్తోంది. లాభం ఆశించకుండా, ఆ ప్రతులు వికలాంగులకే చేరేలా జాగ్రత్త వహించడం సంస్థలకు షరతు. చూపు లేనివారికి అనువైన ప్రతులను అనుమతించే అంతర్జాతీయ మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే.

కేటలాగులో పుస్తకం పేరు, రచయిత పేరు తెలుగు లిపిలోనే ఉండాలి. పాత పుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన ఎన్నో తెలుగు పుస్తకాలకు వింత రోమన్ వర్ణక్రమంలో పేర్లు ఉండడం వల్ల, అవి ఉన్నాయన్న సంగతే వెతికేవారికి తెలియదు.

చివరగా తెర ఆపి, మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతోనే పుస్తకాన్ని వెతికి, తెరిచి, మూడో అధ్యాయానికి వెళ్లి పది నిమిషాలు వినండి. ఆ తరువాత రోజూ స్క్రీన్ రీడర్ వాడే పాఠకుడిని పిలిచి, ఆ సమయానికి తగిన పారితోషికం ఇచ్చి, అదే పని చేయమని కోరండి. ఆయన ఆగిన ప్రతి చోటును రాసుకొని దిద్దాకే పుస్తకాన్ని విడుదల చేయండి.