మూకుడు కొనేటప్పుడు ముప్పావు లీటరు నీళ్లు

పండక్కి బూరెలు వండిన ప్రతిసారీ మూకుట్లో బోలెడు నూనె మిగిలిపోతుంది. పారబోయలేం, మళ్లీ మళ్లీ కాచి వాడలేం.

అందుకే ఈసారి తక్కువ నూనెకే లోతు వచ్చే మూకుడు అమలాపురంలో కొనడానికి వెళ్తూ, నూనెకి బదులు సీసాలో ముప్పావు లీటరు నీళ్లు కొలిచి పట్టుకెళ్లాను. కొట్టాయన్ని అడిగి, నచ్చినవాటిలో ఒక్కోదాంట్లో ఆ నీళ్లు పోసి, మధ్యలో చూపుడువేలు నిలువుగా ముంచి చూశాను. అడుగు చదునుగా వెడల్పుగా ఉన్నదాంట్లో మొదటి కణుపు దాకానే వచ్చాయి. గుండ్రంగా, లోతుగా ఉన్నదాంట్లో రెండు కణుపులు మునిగాయి. బూరె తేలడానికి ఆ లోతు చాలు. నీళ్ల పైన ఇంకా సగం మూకుడైనా ఖాళీ ఉండాలి, లేకపోతే తోపు (బూరెల పైపూత పిండి) పడగానే నూనె అంచుదాకా పొంగుతుంది.

కరెంటు ఫ్రయ్యరు కొనేవాళ్లయితే పెట్టె మీది లీటర్లు కాదు, లోపలి గోడ మీద కనీస నూనె గీత చూడండి. దానికి తక్కువ పోసి వేడి చేయకూడదు. పైగా బూరెల తోపు దాని లోపలి జాలీ బుట్టకి అతుక్కుపోతుంది, నన్నడిగితే మూకుడే నయం.

ఒక్క మాట. లోతు మూకుట్లో వాయికి నాలుగు బూరెలే. తొందరపడి ఎనిమిది వేస్తే నూనె చల్లారి, బూరెలు నూనె పీల్చేస్తాయి. ఇంటినిండా చుట్టాలున్న రోజున, పెద్ద అప్పడాలకీ వెడల్పు మూకుడే తీయండి.