స్పీడ్ ఫుల్లు, మాట ముక్కలు

బెంగళూరు మారతహళ్లిలో మా ఇల్లు. సాయంత్రం ఏడు దాటితే ఆఫీసు కాల్‌లో నా గొంతు ముక్కలయ్యేది. స్పీడ్ టెస్ట్‌లో మాత్రం 40 ఎంబీపీఎస్‌కి 40 వచ్చేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. వాళ్ల దగ్గరున్న మందు అదొక్కటే.

ముందు వైఫైని అనుమానించాను. కేబుల్ పెట్టినా అదే తంతు. అప్పుడు రూటర్‌కి, బయట ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8కి విడివిడిగా పింగ్ (చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం) పెట్టి వదిలేశాను. రూటర్‌కి 1 మిల్లీసెకను. బయటికి మామూలుగా 6, ఉన్నట్టుండి 400! కాపు కాస్తే దొరికింది: మా ఆవిడ ఊళ్లో తీసిన పెళ్లి వీడియోలు ఫోన్ నుంచి బ్యాకప్ అవుతున్నప్పుడే.

అప్‌లోడ్ నిండగానే ప్యాకెట్లన్నీ, అంటే డేటా ముక్కలన్నీ, పెద్ద క్యూలో నిలబడుతున్నాయి. నా మాట కూడా ఆ పెళ్లి వీడియోల వెనకే. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. పెద్ద ప్లాన్ కొనబోయి ఆగాను, నయం.

రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, క్యూని అదుపు చేసే ఎస్‌క్యూఎం సెట్టింగ్‌లో కేక్ అనే పద్ధతి ఎంచుకుని, అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండు వైపులా 36 ఎంబీపీఎస్‌కి కట్టేశాను. లైను వేగం కన్నా కాస్త తక్కువ పెడితేనే క్యూ మన రూటర్ చేతిలో ఉంటుంది. 4 ఎంబీపీఎస్ పోయాయి, పోనీ. ఇప్పుడు బ్యాకప్ నడుస్తున్నా పింగ్ 15 దాటట్లేదు.