బెల్‌ఫాస్ట్ సింకు: ఇంటికి వచ్చాకే కొలతలు

ఇంగ్లండులో సొంత ఇల్లు కొనుక్కుని వంటగది మార్చుకునే మనవాళ్లలో చాలామంది మనసు ఆ తెల్లని, లోతైన పింగాణీ సింకు మీదికే పోతుంది. ఇక్కడ దాన్ని బెల్‌ఫాస్ట్ సింకు అంటారు. అయిదు లీటర్ల కుక్కరు, బిర్యానీ గిన్నె పక్కపక్కనే పట్టేస్తాయి కనుక మన వంటకు చక్కగా పనికివస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు మాత్రం యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప దీని జోలికి వెళ్లవద్దు.

బట్లర్ సింకు అనే పేరు కూడా వింటారు. బెల్‌ఫాస్ట్ సింకుకు నీరు పొంగిపోకుండా లోపలి గోడలో ఒక దారి ఉంటుంది, లండన్‌లో వాడుకలోకి వచ్చిన బట్లర్‌కు సంప్రదాయంగా ఉండదు. ఇప్పుడు దుకాణాలు రెండు పేర్లనూ కలిపేస్తున్నాయి కాబట్టి ఆ దారి ఉందో లేదో కళ్లతో చూసి కొనండి. కూరగాయలు కడుగుతూ ఫోను మోగిందని పక్కకు వెళ్లే ఇళ్లలో అది తప్పకుండా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది: సింకు ఇంటికి రాకముందు వంటగట్టు రాయి కోయించకండి. ఇది ఫైర్‌క్లే మట్టితో చేసి, సుమారు 1200 డిగ్రీల వేడిలో కాల్చిన వస్తువు. కాలుతున్నప్పుడు మట్టి కుంచించుకుపోతుంది, ఒక్కొక్కటి ఒక్కోలా. రెండు శాతం తేడా మామూలే అంటారు. 600 మిల్లీమీటర్ల సింకులో అది 12 మిల్లీమీటర్లు! నేను కేటలాగులో 595 అని ఉన్న అంకెను నమ్మి క్వార్ట్జ్ రాయి ముందే కోయించాను. వచ్చిన సింకు దానికి కుదరలేదు. రాయికి రెండోసారి డబ్బు కట్టాను. మీకు ఆ బాధ వద్దు. సింకును నేలమీద పెట్టి, నాలుగు వైపులా కొలిచి, అట్టముక్క మీద దాని ఆకారం గీసి రాయి కోసేవారికి ఇవ్వండి.

తరువాతది బరువు. సింకు ఒక్కటే 40 కిలోలు దాటవచ్చు. నిండా నీరు పోస్తే మరో 40 కిలోలకు పైగా, ఆపై గిన్నెలు. మామూలు చెక్కపొడి పలకల అలమర ఇంత బరువు మోయలేదు. బరువు నేలకు దిగేలా కింద గట్టి చెక్కతో చట్రం కట్టించండి. ఇద్దరు మనుషులు లేకుండా ఎత్తవద్దు. నీరు జారే వాలు సింకు అడుగులోనే ఉంటుంది, కాబట్టి రసమట్టం పెట్టి అంచులను సమంగా కూర్చోబెడితే చాలు. గట్టు రాయి సింకు అంచు మీదికి కొద్దిగా ముందుకు రావాలి, దాని అడుగున నీరు వెనక్కి పాకకుండా సన్నని గాడి తీయించాలి. సందుల్లో సిలికాన్ పూసి ఒక రోజంతా ఆరనివ్వండి.

ఈ సింకుకు కొళాయి రంధ్రం ఉండదు. కొళాయిని గట్టుకో గోడకో బిగిస్తారు. ధార వెనక అంచు మీద కాక సింకు మధ్యలో పడాలి, అందుకు కొళాయి మెడ పొడవు కొలుచుకోండి. అడుగు రంధ్రం 90 మిల్లీమీటర్లు. జల్లెడ బుట్ట ఉన్న అమరిక కొంటే కరివేపాకు, ఆవాలు, చింతపండు పిప్పి పైనే ఆగుతాయి. దాన్ని చేతి బిగువుకు మించి బిగిస్తే పింగాణీ పగలవచ్చు. పని మొదలుపెట్టే ముందు ఇంటి నీటిని ఆపే స్టాప్‌కాక్ ఎక్కడుందో వెతకండి. ఎక్కువ ఇళ్లలో అది సింకు కిందే ఉంటుంది.

ఇక వాడకం. మరిగే గంజి వంచేటప్పుడు పక్కన చన్నీళ్లు వదలండి. చల్లటి పింగాణీ మీద సలసల మరిగేది ఒక్కసారిగా పడితే పూత చిట్లవచ్చు. వేయించిన నూనె మాత్రం ఎప్పుడూ పోయవద్దు, పాత సీసాలో పట్టి చెత్తలో వేయండి. 2017లో లండన్ వైట్‌చాపెల్ మురుగుకాలువలో ఇలాంటి కొవ్వే గడ్డకట్టి, 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువుతో అడ్డం పడింది.

ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండేవారైతే ఇంకొకటి గుర్తుంచుకోండి. సింకు లోతు వల్ల గిన్నెలు తోమేటప్పుడు బాగా వంగాలి. మా అమ్మకు రెండో రోజే నడుము పట్టేసింది. అడుగున ఎత్తుకాళ్ల స్టీలు జాలీ పెట్టాక గిన్నెలు పైకి వచ్చాయి, కుక్కరు జారి పడినా పింగాణీకి దెబ్బ తగలడం లేదు.