పసిపిల్లలున్న ఇంట్లో రోజూ బొమ్మ గీయాలంటే: ఎక్కడ ఆగుతోంది, ఎలా సరిచేసుకోవాలి

పిల్లలు పుట్టాక బొమ్మలు వేయడం ఆగిపోతే అందరం అనేది ఒకే మాట: టైం లేదు. హన్మకొండలో ఇద్దరు చిన్నపిల్లల్ని పెంచుతూ రంగులు వేసుకునేదాన్ని కాబట్టి, నాకు కనబడింది చెప్తాను. టైం తక్కువే, నిజమే. కానీ మన పని మధ్యలో ఆపడానికి వీలుగా లేకపోవడం అంతకన్నా పెద్ద అడ్డు. ఎప్పుడంటే అప్పుడు లేచిపోయేలా పనిని మార్చుకుంటే సగం చిక్కులు విడిపోతాయి. కథలు రాసేవాళ్లకూ, కుట్లు అల్లికలు చేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

సమస్య: అరగంట దొరికినా ఏమీ కాదు

పాప పడుకుంది. బల్ల మీద సామాను తీయాలి, నీళ్లు తెచ్చుకోవాలి, రంగుల డబ్బా ఎక్కడుందో వెతకాలి, నిన్న ఎక్కడ ఆపామో గుర్తు చేసుకోవాలి. కుంచె తడిపేసరికి పాప లేస్తుంది.

కారణం: దొరికిన అరగంట సర్దుకోవడానికే పోతోంది. పైగా ఒకే కూర్చోవడంలో బొమ్మ పూర్తి కావాలని మనసులో పెట్టుకుంటాం.

పరిష్కారం: సిద్దిపేట జిల్లా చేర్యాలలో గుడ్డ మీద కథల బొమ్మలు వేసే నకాషీ కుటుంబాలు పటం తయారుచేసే తీరు చూడండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల ముద్ద, బంక కలిపి పూస్తారు. ఒక పూత ఆరాకే ఇంకో పూత. ఆ తర్వాత గీతలు, బొమ్మల చుట్టూ నేపథ్యానికి ఎర్రరంగు, ఆపైన మిగతా రంగులు. ఏ దశకు ఆ దశ పూర్తి పని, అక్కడ లేచి వెళ్లినా ఏదీ చెడదు. మన బొమ్మనూ అలా విడగొట్టుకోవాలి. సోమవారం కాగితాలు కోసి అంచులకు టేపు అంటించడం, మంగళవారం పెన్సిలు గీత మాత్రమే, బుధవారం ఒక్క రంగు. కాగితాలు కోసిన రోజు కూడా సాధన జరిగినట్టే లెక్క.

సామాను అంతా ఒక అంచున్న స్టీలు పళ్లెంలో పెట్టండి. కాగితం, రెండు కుంచెలు, మూతున్న చిన్న సీసాలో నీళ్లు, పాత చీర ముక్క. పళ్లెం ఫ్రిజ్ పైన ఉంటే పిల్లలకు అందదు, మీకు ఒక్క చేత్తో దిగుతుంది. లేచే ముందు కాగితం మూలన పెన్సిలుతో తర్వాతి పని రాయండి: "కొంగుకు పసుపు", "ఎడమ చేయి సరిచేయాలి". మర్నాడు ఆలోచించే పని లేకుండా చేయి నేరుగా అక్కడికే పోతుంది. ఇన్నిటిలో ఏదో ఒక్కటే చేయగలనంటే ఈ మూలన రాసుకోవడమే చేయమంటాను.

సమస్య: రాత్రి కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది

రోజంతా పిల్లల వెంట తిరిగి, అంట్లు తోమి, పదింటికి కొత్త బొమ్మ మొదలుపెట్టాలంటే ఎవరి వల్లా కాదు. ఇది బద్ధకం కాదు, కష్టమైన పనిని అలసిపోయిన గంటకు పెట్టుకున్నాం, అంతే. రాత్రికి పెన్సిళ్లు చెక్కడం, రేపటి కాగితం తీసిపెట్టడం లాంటివి చాలు. గీత గీసే పని పగటి నిద్ర వేళకు మార్చండి, పాప పడుకోగానే అంట్లకన్నా ముందు. మూడేళ్ల నుంచి ఐదేళ్ల లోపు చాలామంది పిల్లలు పగటి నిద్ర మానేస్తారు. అప్పటికి వేరే దారి చూసి పెట్టుకోండి. అంగన్‌వాడీలో మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లల్ని తీసుకుంటారు, ఆ పూట మీకు కలిసొస్తుంది.

సమస్య: పిల్లగాడు కుంచె లాక్కుంటాడు

కారణం వయసును బట్టి మారుతుంది. ఏడాదిన్నర లోపు ప్రతిదీ నోట్లోకే పోతుంది. ఆ వయసు పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు పెన్సిలు తప్ప వేరేది తీయకండి. ఆయిల్ రంగులు, టర్పెంటైన్, కట్టర్ లాంటివి ఇంట్లో తాళం కిందే ఉండాలి.

రెండు, మూడేళ్ల పిల్లలకు మీ చేతిలో ఉన్నదే కావాలి. బొమ్మల దుకాణంలో కొన్న రంగుల సెట్టు ఇస్తే విసిరేస్తారు, అది అమ్మది కాదని వాళ్లకు తెలుసు. మీరు వాడే కాగితంలో ముక్క, మీ కుంచెల్లో ఒకటి, గిన్నెలో మామూలు నీళ్లు ఇచ్చి గచ్చు మీద కూర్చోబెట్టండి. నల్ల పలక మీద తడి కుంచెతో గీస్తే గీత కనబడుతుంది, ఆరితే పోతుంది, మళ్లీ గీస్తారు. రంగు అంటదని మీకూ టెన్షన్ ఉండదు.

సమస్య: ఏం గీయాలో తోచదు

పొద్దున్నుంచి ఏం వండాలి, ఏ మందు ఎప్పుడు వేయాలి అని తేల్చీ తేల్చీ మనసు అలసిపోయింది. ఇంకో ఎంపిక పెట్టకండి. నెలకు ఒకే విషయం పట్టుకోండి. ఆదివారం పిల్లలతో ఖిలా వరంగల్ వెళ్తే కాకతీయుల కీర్తి తోరణాల చుట్టూ విరిగిన శిల్పాలు నేల మీదే ఉంటాయి, పిల్లలు పక్కన ఆడుకుంటుంటే కూర్చుని చూడొచ్చు. ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుంటే నెలంతా సరిపోతాయి: ఒకరోజు తామర మొగ్గ, ఒకరోజు తోరణం మీది హంస మెడ. బతుకమ్మ తొమ్మిది రోజులూ వేరే బొమ్మ పెట్టుకోకండి. గునుగుకు రంగు అద్దడం, తంగేడు వరుస మీద బంతి వరుస పేర్చడం రంగుల పనే కదా. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా అదే సాధన.

సమస్య: ఇంట్లోవాళ్లు దాన్ని పనిగా చూడరు

"ఖాళీ ఉంటే కాస్త పిల్లల్ని చూడండి" అంటే ఎవరికీ ఎప్పుడూ ఖాళీ ఉండదు. గంట చెప్పి అడగాలి. "అత్తమ్మా, అయిదున్నర నుంచి ఆరు దాకా పిల్లగాణ్ణి జర మీరు చూడుండ్రి, ఆరింటికి నేనొస్త." ఆరు కొట్టగానే నిజంగా లేవండి. మాట నిలబెట్టుకున్న మనిషికి మర్నాడు అడగకుండానే ఆ అరగంట ఇస్తారు. భర్త ఇంట్లో ఉంటే వారంలో రోజులు పంచుకోండి, మీకోసం చేసే సాయంగా కాకుండా ఆయన వంతుగా.

సమస్య: ఎండాకాలం రంగులు ఆరిపోతాయి

మే నెల ఎండకు అక్రిలిక్ రంగు పళ్లెంలోనే గట్టిపడుతుంది, మళ్లీ కరగదు. వాటర్ కలర్ ఎండినా నీటిచుక్క వేస్తే లేస్తుంది. పిల్లలున్న ఇంటికి, మాటిమాటికీ లేచే చేతికి అదే నయం. బడి సెలవుల్లో తెల్లవారగట్ల మిద్దె మీద కూర్చోండి.

సమస్య: జ్వరాలొచ్చి వారం పోయింది, మళ్లీ చేయి సాగడం లేదు

పోయిన రోజుల బాకీ తీర్చాలనుకోవడమే చేయిని ఆపుతుంది. పోయిన రోజులకని పుస్తకంలో పేజీలు ఖాళీగా వదలకుండా, తర్వాతి పేజీలోనే ఇవాళ్టి తేదీ వేసి మందుసీసానో, మంచం కోడునో ఒక్క గీతలో గీయండి. జ్వరం రోజులకు అంతే చాలు.

ఒక్క విషయం మాత్రం వీటన్నిటికీ వేరు. టైం ఉన్నా దేనిమీదా మనసు పోకపోవడం, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటితే, ముఖ్యంగా కాన్పయిన ఏడాదిలో, దాన్ని సాధన సమస్యగా చూడకండి. డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.